వసంత వలసలో గానపక్షుల తగ్గుదల: అమెరికా పక్షి వీక్షకుల సాక్ష్య చరిత్ర

వ్యాస సంగ్రహం:

ఉత్తర అమెరికాలో వసంతకాలపు గానపక్షుల వలసను సామాన్య పక్షి వీక్షకులు పంతొమ్మిదో శతాబ్ది చివరి పాదం నుంచి నమోదు చేస్తూ వచ్చారు. పక్షులు తగ్గుతున్నాయన్న వారి మాట శాస్త్రలోకంలో నిలదొక్కుకోవడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. ఔత్సాహికుల పట్ల చిన్నచూపు ఈ జాప్యానికి కొంత కారణమే అయినా, వలస వేళ వేసే లెక్కలోనే ఒక సహజమైన లోపం ఉండటం అసలు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తేదీల కార్డులు, తీరపు అడవుల పరిశీలన, పురుగుమందుల వివాదం, గూడు కట్టే కాలపు గణన, రాడార్ చిత్రాలు అనే క్రమంలో ఆ లోపాన్ని ఎలా దాటారో వివరిస్తుంది.

కీలక పదాలు: గానపక్షులు, వసంత వలస, పక్షి వీక్షకులు, వెల్స్ కుక్, మెక్సికో సింధుశాఖ, రాక్ క్రీక్, రేచల్ కార్సన్, పౌర విజ్ఞానం.

1. ఉపోద్ఘాతం:

ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని అడవులు, తోటలు, నగర ఉద్యానవనాలు ఒక్కసారిగా కూతలతో నిండుతాయి. శీతకాలాన్ని మధ్య అమెరికాలో, కరీబియన్ దీవుల్లో, దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో గడిపిన వార్బ్లర్లు, విరియోలు, త్రష్‌లు, టానజర్లు గూళ్లు కట్టుకోవడానికి ఉత్తరానికి తిరిగి వచ్చే కాలమిది. వీటిలో చాలా వార్బ్లర్లు పది గ్రాములకు అటూ ఇటూ తూగేవి. ఇవి ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి. తెల్లవారేసరికి కనిపించిన చెట్ల గుంపులో దిగి, పగలంతా పురుగులు ఏరుకుని తిని, అనుకూలమైన గాలి వీచే మరో రాత్రి కోసం ఎదురుచూస్తాయి. కాబట్టి ఒక ఊరి వీక్షకుడు చూసేది పక్షుల ప్రయాణాన్ని కాదు, ఆ ప్రయాణంలోని మజిలీని మాత్రమే.

ఈ చిన్న తేడాలోనే చరిత్రకారుడికి పెద్ద చిక్కు ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఒకే తోటలో, ఒకే వారంలో, ఒకే దారిలో నడుస్తున్న వ్యక్తి ఈ వసంతంలో పిట్టలు తగ్గాయని అంటే ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలి? అతడు అబద్ధం చెప్పడం లేదు. అతని చూపుకూ గుర్తింపుకూ వంక పెట్టడానికి కూడా ఏమీ లేదు. అయినా పక్షులు నిజంగా తగ్గి ఉండవచ్చు, లేదా ఆ రాత్రి గాలి బాగుండి ఆ తోటలో దిగకుండా పైనుంచే సాగిపోయి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందో నేల మీద నిలబడిన వారికి తెలిసే మార్గం చాలాకాలం లేదు.

2. ఎప్పుడు అన్న ప్రశ్న:

వెల్స్ వుడ్‌బ్రిడ్జ్ కుక్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. మిన్నెసోటాలోని వైట్ ఎర్త్‌లో ఓజిబ్వే పిల్లలకు చదువు చెబుతున్న రోజుల్లో, 1881లో, మిసిసిపీ నది పరీవాహక ప్రాంతంలోని పక్షి ప్రియులను ఒక సాయం కోరాడు. ఏ పక్షి తమ ఊరికి వసంతంలో ఏ రోజున వచ్చిందో రాసి పంపమన్నాడు. ఉత్తరాల మీద మొదలైన ఈ వ్యవహారం రెండేళ్లలో సంస్థాగత రూపం దాల్చింది. 1883లో అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞుల సంఘం ఏర్పడినప్పుడు వలసల సంఘానికి సి. హార్ట్ మెరియమ్ అధ్యక్షుడయ్యాడు. ఊళ్లలోని వీక్షకులతో పాటు తీరాల వెంబడి దీపస్తంభాల కావలివాళ్లకు కూడా అతడు ప్రశ్నపత్రాలు పంపించాడు. రాత్రి వేళ వెలుగుకు భ్రమసి గాజుకు కొట్టుకుని పడిపోయే పక్షుల గురించి వాళ్లకంటే బాగా చెప్పగలవారు ఎవరు? 1885లో అమెరికా శాసనసభ వ్యవసాయ శాఖలో పక్షుల అధ్యయనానికి నిధులు ఇచ్చింది. ఆ పని క్రమంగా ప్రభుత్వ జీవశాస్త్ర విభాగంగా ఎదిగింది. 1901లో కుక్ అందులో ఉద్యోగిగా చేరి, 1916లో మరణించే వరకు ఆ కార్డుల మధ్యనే గడిపాడు.

కార్యక్రమం 1970 వరకు సాగింది. అప్పటికి పోగుపడిన కార్డులు సుమారు 60 లక్షలు. చేతి రాతతో, ఒక్కొక్క కార్డు మీద ఒక పక్షి, ఒక ఊరు, ఒక సంవత్సరం. మొదట కనిపించిన రోజు, తర్వాత కనిపించిన రోజు, విరివిగా కనిపించడం మొదలైన రోజు, చివరిసారి కనిపించిన రోజు అనే గడులు ఉండేవి. రైతులు, బడిపంతుళ్లు, వైద్యులు, గృహిణులు రాసిన ఈ కార్డుల రాశి ప్రపంచంలోని పెద్ద ప్రకృతి దినచర్యలలో ఒకటి. చాలాకాలం ఇవి ఇనప బీరువాల్లో ఉండిపోయాయి. 2009 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు వీటిని ఒక్కొక్కటిగా చదివి కంప్యూటర్లకు ఎక్కించే పని చేపట్టారు.

ఇంత పెద్ద రాశిలో ఎన్ని పక్షులు అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. అడిగింది ఎప్పుడు అని మాత్రమే. ఆనాటి శాస్త్రానికి కావలసింది వలస దారుల పటం, రుతువుతో దాని సంబంధం. పక్షులు తరిగిపోగలవన్న ఆలోచన వేటగాళ్ల విషయంలోనో, టోపీల కోసం ఈకల వ్యాపారం విషయంలోనో వచ్చేది గాని, అడవిలో ఆకుల చాటున తిరిగే వార్బ్లర్ల విషయంలో ఇంకా రాలేదు. కుక్‌ను ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రతి తరమూ తనకు తోచిన ప్రశ్ననే దాచిపెట్టి వెళుతుంది.

పైగా తేదీకీ సంఖ్యకూ మధ్య ఉన్న లంకె చాలా ఆలస్యంగా గాని స్పష్టపడలేదు. మసాచుసెట్స్‌లోని మానొమెట్‌లో 1970 నుంచి వలలు పన్ని పక్షుల కాళ్లకు గుర్తింపు కడియాలు వేస్తున్నారు. అక్కడి మూడు దశాబ్దాల పైచిలుకు లెక్కలను ఏబ్రహామ్ మిల్లర్-రషింగ్, రిచర్డ్ ప్రిమాక్ తదితరులు 2008లో విశ్లేషించారు. పక్షుల సంఖ్య తగ్గితే మొదటి పక్షి కంట పడే రోజు కూడా వెనక్కి జరుగుతుందని వారు చూపారు. పదివేల పక్షుల్లో అందరికంటే ముందు వచ్చే పక్షి ఎవరికో ఒకరికి కనిపిస్తుంది. వెయ్యి పక్షులే ఉంటే అంత ముందుగా వచ్చేది ఉండకపోవచ్చు, ఉన్నా ఎవరి కంటా పడకపోవచ్చు. అంటే వేడెక్కుతున్న వాతావరణం వల్ల వలస ముందుకు జరిగిన జాడను, జనాభా తగ్గుదల అదే కార్డు మీద కప్పిపుచ్చగలదు. కుక్ కార్డులను ఈనాడు చదివేవారు ఈ రెండు దారాలను విడదీసి చదవవలసి ఉంటుంది.

3. తీరంలో ఖాళీ:

వలసలో కనిపించే సంఖ్య ఎంత మోసకారిదో అన్నిటికంటే బాగా తెలిసిన చోటు మెక్సికో సింధుశాఖ ఉత్తర తీరం. టెక్సాస్, లూసియానా తీరాల్లో బురద నేలల మధ్య చిన్న మిట్టల మీద ఓక్ చెట్ల గుంపులు ఉంటాయి. ఏప్రిల్ చివర్లో ఎదురుగాలి, వాన కలిసి వచ్చిన మధ్యాహ్నాల్లో ఆ చెట్ల మీద పక్షులు రాలినట్లుగా దిగుతాయి. అలసటతో గడ్డి మీద, ముళ్లకంచెల మీద, మనిషి కాళ్ల దగ్గర కూడా వాలతాయి. టెక్సాస్‌లోని హై ఐలాండ్ అనే చిన్న ఊరు ఇందుకే పక్షి వీక్షకులకు యాత్రాస్థలమైంది. మరునాడు ఆకాశం తేటపడి దక్షిణపు గాలి వీస్తే అవే చెట్ల కింద గంటలకొద్దీ నిలబడ్డా పది పిట్టలు కనిపించవు.

ఈ ఖాళీ 1940లలో ఒక శాస్త్ర వివాదానికి దారితీసింది. టెక్సాస్‌కు చెందిన జార్జ్ విలియమ్స్ 1945లో, వసంతంలో పక్షులు నిజంగా సింధుశాఖను దాటుతున్నాయా అని ప్రశ్నించాడు. దాటి వస్తుంటే మంచి వాతావరణంలో తీరమంతా పక్షులతో నిండాలి కదా, నిండటం లేదు కాబట్టి అవి టెక్సాస్ మీదుగానో ఫ్లోరిడా మీదుగానో చుట్టూ తిరిగి వస్తున్నాయని అతని వాదన. తర్కంలో లోపం లేదు. లూసియానా విశ్వవిద్యాలయ పక్షిశాస్త్రజ్ఞుడు జార్జ్ లోవరీ మరుసటి ఏడాది దీన్ని ఖండించాడు. మంచి వాతావరణంలో పక్షులు తీరం దగ్గర ఆగవని, బురద నేలలను దాటి లోపలి పెద్ద అడవుల దాకా ఎగిరిపోతాయని, అందుకే తీరంలో ఒక ఖాళీ పట్టీ ఏర్పడుతుందని అతడు చెప్పాడు. తన మాట నిలబెట్టుకోవడానికి దూరదర్శినిని పున్నమి చంద్రుడి వైపు తిప్పి, ఆ వెలుగు బిళ్ళను దాటిపోయే పక్షుల నీడలను లెక్కపెట్టే పద్ధతిని అభివృద్ధి చేశాడు. 1948 వసంతంలో యుకటాన్ తీరంలోని ప్రొగ్రెసోలో, అమెరికాలోని అనేక చోట్ల ఔత్సాహికులు రాత్రంతా చంద్రుడిని చూస్తూ కూర్చుని ఆ నీడలను లెక్కించారు.

లోవరీ వాదనే నిలిచింది. పక్షులు సాయంత్రం యుకటాన్ ద్వీపకల్పం నుంచి బయలుదేరి, సుమారు వెయ్యి కిలోమీటర్ల నీటిని ఒకే ఊపులో దాటి, మరునాటి పగటికి ఉత్తర తీరం చేరుకుంటాయని ఈనాడు ఎవరికీ అనుమానం లేదు. ఈ చర్చకు అనుకోని ఫలితం ఒకటి కూడా ఉంది. తీరంలో ఎక్కువ పక్షులు కనబడటమంటే పక్షులకు ఆపద రోజు అని, తక్కువ కనబడటమంటే సుఖప్రయాణం అని రుజువైంది. అలాంటప్పుడు తీరపు వీక్షకుడు పిట్టలు తగ్గాయని అంటే శాస్త్రజ్ఞుడు వాతావరణ పటం తీసి చూపిస్తాడు. తగ్గుదల గురించిన ఫిర్యాదులను పక్కకు పెట్టడానికి ఇంతకంటే గట్టి, ఇంతకంటే నిజాయితీ గల కారణం లేదు. వీక్షకులను నమ్మని శాస్త్రజ్ఞులందరినీ ఒకే గాట కట్టి గర్విష్ఠులని తేల్చే రచనలు ఈ సంగతిని విస్మరిస్తాయి.

4. రాబిన్ల మరణం:

గాలివాన అని కొట్టిపారేయడానికి వీల్లేని సాక్ష్యం 1950లలో ఊళ్ల పచ్చిక బయళ్ల మీద కనిపించింది. ఎల్మ్ చెట్లకు సోకే డచ్ ఎల్మ్ తెగులును మోసే పెంకుపురుగులను చంపడానికి మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోని పట్టణాలు వీధి చెట్ల మీద డీడీటీ చల్లించాయి. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వసంతంలో వచ్చిన అమెరికన్ రాబిన్లు వణుకుతూ పడి చనిపోవడాన్ని జార్జ్ వాలెస్, అతని విద్యార్థి జాన్ మెనర్ గమనించారు. దక్షిణాది నుంచి కొత్తగా రాబిన్లు వచ్చేవి, అవీ చనిపోయేవి. మందు పడిన ఆకులు రాలి మట్టిలో కలుస్తాయి, వానపాములు వాటిని తింటాయి, రాబిన్లు వానపాములను తింటాయి. చల్లిన నెలల తర్వాత కూడా మృత్యువు ఈ గొలుసు వెంట నడిచి వచ్చిందని ఇల్లినాయ్‌లో రాయ్ బార్కర్ చేసిన పరిశోధన తేల్చింది.

రేచల్ కార్సన్ 1962లో వెలువరించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథంలో ఈ ఉదంతానికి ఒక అధ్యాయమే ఉంది. ఆ గ్రంథం వెనుక ఉన్న సామగ్రిలో సామాన్యుల ఉత్తరాలకు దక్కిన చోటు గమనించదగినది. ఇల్లినాయ్‌లోని హిన్స్‌డేల్ నుంచి ఒక గృహిణి తమ ఊరి పిట్టల గురించి పక్షిశాస్త్రజ్ఞుడు రాబర్ట్ కుష్మన్ మర్ఫీకి రాసిన లేఖను కార్సన్ సాక్ష్యంగా తీసుకుంది. మసాచుసెట్స్ నుంచి ఓల్గా ఓవెన్స్ హకిన్స్ 1958లో రాసిన లేఖ ఆ గ్రంథ రచనకు ప్రేరణలలో ఒకటని ప్రసిద్ధి. ఇంటి ముందు చనిపోయిన పక్షిని చూసిన మనిషికి దూరదర్శిని అక్కర్లేదు, గణాంక శాస్త్రమూ అక్కర్లేదు.

అయితే ఒక ఊళ్లో చనిపోయిన రాబిన్లు దేశం మొత్తం మీద ఎన్ని? ఈ ప్రశ్న మేరీలాండ్‌లోని పటక్సెంట్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న చాండ్లర్ రాబిన్స్ ముందుకు వచ్చింది. మధ్య పశ్చిమ ప్రాంతం నుంచి వచ్చిన ఒక లేఖే తనను ఈ ఆలోచనకు పురికొల్పిందని అతడు తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. జవాబు చెప్పడానికి అతని దగ్గర లెక్కలు లేవు. 60 లక్షల కార్డుల దేశంలో ఒక మామూలు పిట్ట ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క లేకపోయింది.

5. రాక్ క్రీక్ అడవి:

వలస వేళ వచ్చిపోయే పక్షులను కాక, గూడు కట్టి ఒక చోట నిలిచిన పక్షులను లెక్కించాలన్నది ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం. గూడు కట్టే కాలంలో మగ గానపక్షి తన హద్దును కూతతో చాటుతుంది. ఒక అడవి ముక్కలో పలుమార్లు తెల్లవారుజామున నడిచి, కూత వినబడిన చోటునల్లా పటం మీద గుర్తు పెడితే, ఆ గుర్తులు గుంపులుగా ఏర్పడతాయి. ఒక్కో గుంపు ఒక్కో జంట. గాలితో సంబంధం లేని లెక్క ఇది. ఆడబాన్ సంఘం 1937 నుంచి ఇలాంటి గణనలను దేశవ్యాప్తంగా ప్రోత్సహించింది.

వాటిలో దీర్ఘకాలం సాగినవాటికి వాషింగ్టన్ నగరం వేదికైంది. నగరం మధ్యనే ఉన్న రాక్ క్రీక్ ఉద్యానవనపు అడవిలో, సమీపాన పొటోమాక్ నదిలోని కాబిన్ జాన్ దీవిలో స్థానిక ప్రకృతి ప్రేమికుల సంఘం సభ్యులు 1940ల చివరి నుంచి ఏటా గణన చేశారు. ఉద్యోగాలకు వెళ్లే ముందు, మే, జూన్ నెలల తెల్లవారుజాముల్లో, జీతభత్యాలు లేకుండా చేసిన పని ఇది. వారిలో ఒకరైన షర్లీ బ్రిగ్స్, కార్సన్ స్నేహితురాలు, ఆమె మరణానంతరం ఆమె పేరిట ఏర్పడిన సంస్థను చాలాకాలం నడిపింది. 1970ల చివర బ్రిగ్స్, జోన్ క్రిస్వెల్ కలిసి మూడు అడవి ముక్కల ముప్ఫై ఏళ్ల లెక్కలను ఒక వ్యాసంగా ప్రకటించారు. వాషింగ్టన్‌లో వసంతం క్రమంగా మూగబోతున్నదన్నది ఆ వ్యాస శీర్షిక సారం.

ఆ లెక్కల్లో ఒక ప్రత్యేకత ఉంది. ఏడాది పొడుగునా ఆ అడవిలోనే ఉండే పక్షులు దాదాపు ఎప్పటిలాగే ఉన్నాయి. ఉష్ణమండలానికి వెళ్లి వచ్చే రెడ్-ఐడ్ విరియో, అవెన్‌బర్డ్ వంటివి బాగా తగ్గాయి. హుడెడ్ వార్బ్లర్ వంటివి పూర్తిగా కనుమరుగయ్యాయి. అడవిని ఎవరూ నరకలేదు, చెట్లు అవే. వలస వెళ్లేవి మాత్రం రావడం లేదు. వీక్షకుల జ్ఞాపకం మీద ఆధారపడని, వాతావరణానికి లొంగని, పోల్చి చూడటానికి స్థానిక పక్షులను కూడా కలిగి ఉన్న సాక్ష్యమిది.

దీని అర్థం విషయంలో శాస్త్రజ్ఞులు రెండుగా చీలారు. లాటిన్ అమెరికాలో అడవులు నశించడమే కారణమని కొందరి వాదన. వాషింగ్టన్ శివార్లలోని అడవుల్లో పక్షులను చూస్తూ పెరిగి, ఆ అడవులు కాలనీలుగా మారడం కళ్లారా చూసిన జాన్ టెర్బర్గ్ 1989లో రాసిన గ్రంథం ఈ ప్రశ్నను సామాన్య పాఠకుల దాకా తీసుకెళ్లింది. ఇక్కడి అడవులు ముక్కలు కావడమే కారణమని మరికొందరి వాదన. చిన్న అడవి ముక్కల్లోకి పిల్లులు, రకూన్లు, నీలపు జే పక్షులు చొరబడి గూళ్లను దోచుకుంటాయి. డేవిడ్ విల్కవ్ 1985లో కౌజుపిట్ట గుడ్లతో కృత్రిమ గూళ్లు పెట్టి, చిన్న అడవుల్లో గుడ్ల నష్టం పెద్ద అడవుల్లో కంటే ఎంతో ఎక్కువని చూపాడు. కౌబర్డ్ అనే మరో బెడద కూడా ఉంది. మన కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్లే ఇది వార్బ్లర్ల, విరియోల గూళ్లలో గుడ్లు పెడుతుంది. కోకిలను మోసగత్తె అంటూనే మన కవులు నెత్తిన పెట్టుకున్నారు గాని, అమెరికా పక్షి సాహిత్యంలో కౌబర్డ్‌కు అలాంటి మన్నన ఎక్కడా దొరకలేదు.

మూడో రకం జవాబు న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవి నుంచి వచ్చింది. రిచర్డ్ హోమ్స్ బృందం అక్కడ 1969 నుంచి లెక్క వేస్తున్నది. ముక్కలు కాని పెద్ద అడవి అది. అక్కడా కొన్ని జాతులు తగ్గాయి, లీస్ట్ ఫ్లైక్యాచర్ పూర్తిగా మాయమైంది. అడవి ముదిరి చెట్ల అమరిక మారిపోవడమే దానికి ముఖ్య కారణమని తేలింది. రాక్ క్రీక్‌లోనూ అడవి నరకలేదన్నంత మాత్రాన అడవి మారలేదని కాదు.

6. రోడ్ల వెంట లెక్క:

రాబిన్స్ రూపొందించిన గూడుకట్టే పక్షుల సర్వే 1966లో తూర్పు రాష్ట్రాల్లో మొదలై, రెండేళ్లలో ఖండమంతటికీ విస్తరించింది. ఒక్కో మార్గం పొడవు 24.5 మైళ్లు. అర మైలుకు ఒకసారి, మొత్తం 50 చోట్ల బండి ఆపి, ఒక్కో చోట మూడు నిమిషాల పాటు కనిపించిన, వినిపించిన ప్రతి పక్షినీ రాయాలి. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టాలి. ఎక్కువ మార్గాలకు జూన్ నెల నిర్ణయమైంది. కూత విని పక్షిని గుర్తించగల నేర్పు తప్పనిసరి. ఈ నిబంధనలన్నిటి ఉద్దేశం ఒకటే: మనిషి మారినా, ఏడాది మారినా పద్ధతి మారకూడదు.

ఈ సర్వే ఆధారంగా రాబిన్స్, అతని సహచరులు 1989లో ప్రకటించిన వ్యాసం ఊళ్లలో వినిపిస్తున్న ఫిర్యాదుకు ఖండవ్యాప్త రూపమిచ్చింది. 1978 వరకు నిలకడగా ఉన్న, లేదా పెరుగుతూ వచ్చిన తూర్పు ప్రాంతపు ఉష్ణమండల వలస పక్షుల్లో అధికభాగం ఆ తర్వాతి దశాబ్దంలో తగ్గాయని అది చూపింది. అభ్యంతరాలు వెంటనే వచ్చాయి. 1970లలో ఉత్తరాది స్ప్రూస్ అడవుల్లో మొగ్గలు తినే పురుగు విపరీతంగా పెరిగింది. దాన్ని తిని బతికే కేప్ మే, బే-బ్రెస్టెడ్, టెన్నెసీ వార్బ్లర్లు కూడా పెరిగాయి. పురుగు తగ్గాక అవీ తగ్గాయి. పతాకస్థాయి నుంచి లెక్క మొదలుపెడితే మామూలు స్థితి కూడా పతనంగానే కనిపిస్తుంది కదా! ఫ్రాన్సెస్ జేమ్స్ బృందం 1996లో వేరే గణాంక పద్ధతితో వార్బ్లర్ల లెక్కలను పరిశీలించి, మొత్తం సమూహానికి వర్తించే సాధారణ తగ్గుదల లేదని, కొన్ని ప్రాంతాల్లో కొన్ని జాతులకే అది పరిమితమని చెప్పింది. ఈ చర్చలో ఓడిందెవరు అన్న ప్రశ్న కంటే, చర్చ జరగడానికి తగిన లెక్క మొదటిసారిగా అందరి ముందూ ఉండటమే ముఖ్యమనిపిస్తుంది.

7. తుఫానుల కోసం తీసిన ఫిల్ములు:

ఇంత జరిగినా వసంత వలస సంఖ్య అన్న అసలు ప్రశ్న అలాగే ఉంది. గూళ్ల లెక్క గూళ్లదే. రాత్రి ఆకాశంలో సాగిపోయే పక్షులను నేరుగా కొలిచే సాధనం తుఫానుల పరిశీలకుల దగ్గర అప్పటికే ఉంది, కాకపోతే వారు దాన్ని పక్షుల కోసం వాడలేదు. లోవరీ శిష్యుడైన సిడ్నీ గోత్రో 1960లలో లూసియానాలోని వాతావరణ రాడార్ తెర మీద సింధుశాఖ నుంచి వచ్చే పక్షుల గుంపుల ప్రతిధ్వనులను గుర్తించాడు. మంచి వాతావరణంలో అవి తీరాన్ని దాటి లోపలి అడవుల్లో దిగడాన్ని కూడా రాడార్ చూపింది. గురువు ఊహించిన ఖాళీకి శిష్యుడి చేతిలో ప్రత్యక్ష రుజువు దొరికింది.

లేక్ చార్లెస్ రాడార్ కేంద్రపు పాత ఫిల్ములు భద్రంగా ఉన్నాయి. గోత్రో 1965-67 మధ్య మూడు వసంతాలను 1987-89 మధ్య మూడు వసంతాలతో పోల్చి, సింధుశాఖను దాటి వచ్చే వలస కనిపించిన రోజుల నిష్పత్తి దాదాపు సగానికి పడిపోయిందని 1992లో ప్రకటించాడు. తీరపు చెట్ల కింద నిలబడి, పూర్వంలా లేదని చెప్పుకున్న వృద్ధ వీక్షకులకు తొలిసారిగా వాతావరణ పటంతో కొట్టివేయలేని తోడు దొరికింది. ఇక్కడా జాగ్రత్త అవసరమే. మూడేళ్లను మూడేళ్లతో పోల్చడం చిన్న కొలత. రాడార్‌కు వార్బ్లర్‌కూ త్రష్‌కూ తేడా తెలియదు.

కెన్నెత్ రోజెన్‌బర్గ్ నేతృత్వంలో 2019లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనం ఈ రెండు దారులనూ ఒకచోట కలిపింది. రోడ్ల వెంట వీక్షకులు చేసిన సర్వేలు, 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ ప్రారంభించిన క్రిస్మస్ గణన మొదలైన వాటి ఆధారంగా, 1970 నుంచి ఉత్తర అమెరికా సుమారు 290 కోట్ల పక్షులను, అంటే 29 శాతాన్ని కోల్పోయిందని అది అంచనా వేసింది. వార్బ్లర్ల వాటా ఒక్కటే 60 కోట్లకు పైగా. దీనికి తోడుగా 143 వాతావరణ రాడార్ల సమాచారాన్ని పరిశీలించి, 2007-2017 మధ్య వసంతపు రాత్రుల్లో ఎగిరే పక్షుల మొత్తం పరిమాణం 13.6 శాతం తగ్గిందని చెప్పింది. ఒకటి చెవులతో విన్నది, మరొకటి యంత్రం చూసింది, రెండూ ఒకే వైపు చూపాయి.

అదే అధ్యయనంలో విరియోల కుటుంబం మొత్తం మీద పెరిగినట్లు తేలడం గమనించాలి. రాక్ క్రీక్ గణకులు రెడ్-ఐడ్ విరియో పోతున్నదని చెప్పింది అక్షరాలా నిజం, ఖండం మీద విరియోలు పెరగడమూ నిజమే. ఒక ఊరి సాక్ష్యం ఆ ఊరికి సంపూర్ణ సాక్ష్యం. దాన్ని దేశానికి అన్వయించినప్పుడే పొరపాటు పుడుతుంది. కార్సన్ కాలం నుంచి ఈ రెండు పనులనూ కలిపి మాట్లాడటం అలవాటైంది.

8. హైదరాబాదుతో ఒక లంకె:

కుక్ వేసిన ప్రశ్నే 126 ఏళ్ల తర్వాత భారతదేశంలో మళ్లీ వినిపించింది. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం 2007లో ‘మైగ్రెంట్ వాచ్’ పేరుతో ఒక పౌర విజ్ఞాన కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులో భాగస్వామి అయిన ‘ఇండియన్ బర్డ్స్’ పత్రిక అప్పట్లో ఆశీష్ పిట్టీ సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి వెలువడేది. ఎంపిక చేసిన కొన్ని వలస పక్షులు తమ ఊరికి మొదట ఏ రోజున వచ్చాయో తెలపమని అది దేశంలోని వీక్షకులను కోరింది. రుతువు మాత్రం తలకిందులు. మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుంచి వచ్చే పక్షులకు తెలుగు నేల శీతకాలపు విడిది. ఇక్కడ వసంతం రాక కాలం కాదు, పోక కాలం. మొదటి రాకను గుర్తించడం సులభం గాని, ఫలానా పక్షి ఈ రోజుతో వెళ్లిపోయిందని చెప్పడం కష్టం, ఎందుకంటే చివరిసారి చూసినప్పుడు అదే చివరిసారి అని చూసినవారికి తెలియదు. మానొమెట్ లెక్కలు బయటపెట్టిన లోపం పోక తేదీలకూ వర్తిస్తుంది. పక్షులు తగ్గినకొద్దీ చివరి పక్షి త్వరగా వెళ్లిపోయినట్లు కనిపిస్తుంది.

తర్వాత ఆ కార్యక్రమపు నమోదులు, 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల, ఆడబాన్ సంఘం కలిసి స్థాపించిన ‘ఈబర్డ్’ సమాచార నిధిలో కలిశాయి. అక్కడ అడిగే ప్రశ్న వేరు: ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, కనిపించినవన్నీ రాశారా, ఏవి ఎన్ని? కనిపించని పక్షి కూడా లెక్కలోకి వచ్చేది ఈ ప్రశ్నల వల్లనే. 15,500 మంది వీక్షకులు పంపిన కోటికి పైగా నమోదుల ఆధారంగా 2020లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 867 జాతులను పరిశీలించింది. దీర్ఘకాలపు ధోరణిని చెప్పడానికి 261 జాతుల విషయంలోనే తగినంత సమాచారం దొరికింది. వాటిలో సగానికి పైగా 2000 నుంచి తగ్గుముఖం పట్టాయి. మిగిలిన 606 జాతుల దీర్ఘకాలపు గడి ఆ నివేదికలో ఖాళీగానే ఉంది.